మనోవ్యాధికి మందు, దాని ఖరీదు

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



"మనోవ్యాధికి మందు లేదు" అని మన పెద్దవాళ్ళు అంటూ వచ్చారు. ఇంట్లో కోడలు అన్నం సయించక మంచం పట్టినా, ముసలావిడ ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ కూర్చున్నా ఆ ఒక్కమాట అనేసి చేతులు దులుపుకోవడం మనకు అలవాటు. మందే లేదని తేల్చాక ఇక ఖర్చు ప్రసక్తి ఎక్కడిది? ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ ఖర్చును గురించే. మనోవ్యాధికి మందున్నది. అది ఎంతకు దొరుకుతుంది, దాన్ని కొనకపోతే మనకెంత నష్టం అన్నదే ప్రశ్న. మనిషి బాధను రూపాయల్లో తూచడమేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట్లో ఎబ్బెట్టుగానే తోచింది. కాని ఇల్లు నడిపే ఆడవాళ్ళకు తెలియనిదేమున్నది? డబ్బు లెక్క తేలనిదే ఇంట్లో ఏ పనీ కదలదు. ప్రభుత్వాలైనా అంతే.

ముందు మా ఇంటి సంగతి చెబుతాను.

మా వదినకు నలభై ఆరో ఏట గుండెదడ మొదలయింది. పెద్దపిల్లకు పెళ్ళిచేసి పంపిన ఆరు నెలలకు. పొయ్యిదగ్గర నిలబడి ఉండగానే గుండె దడదడా కొట్టుకోవడం, అరచేతులకు చెమటలు పట్టడం, ఊపిరాడకపోవడం, "నేను పోతున్నానర్రా" అంటూ కూలబడిపోవడం. పది పదిహేను నిమిషాలకు అదే సర్దుకునేది. కాని ఆ పది నిమిషాల్లోనూ ఇంటిల్లిపాదీ ఆటో కోసం పరుగులు. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు నీరసమని చెప్పి గ్లూకోజు సీసా ఎక్కించేవాడు. పట్నం వెళితే ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్లు. ఇంకో ఆసుపత్రిలో గ్యాసు కావచ్చునని నోట్లోంచి గొట్టం వేసి చూశారు. మరోచోట నరాల డాక్టరు తలకు స్కానింగు తీయించాడు. అంతా బాగానే ఉన్నదన్నారు. ఏమీ లేదంటే సంతోషించవలసింది పోయి, మా వదిన మరీ దిగులుపడేది, ఇంతమంది డాక్టర్లకు అంతుపట్టని జబ్బు నాకే వచ్చిందే అని!

మా అన్నయ్యకు చిన్నప్పటినుంచీ పద్దు రాసే అలవాటు. రెండున్నరేళ్ళలో వదిన జబ్బు కింద ఆయన రాసిన మొత్తం 1,84,000 రూపాయల చిల్లర. అందులో పాడిగేదెను అమ్మిన డబ్బున్నది. వదిన చేతిగాజుల మీద తెచ్చిన అప్పున్నది. ఆ పుస్తకంలోకి ఎక్కనిది ఒకటున్నది. మా రెండో మేనకోడలు డిగ్రీ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి, అమ్మను ఒంటరిగా వదలకూడదని కాలేజీ మానేసి ఇంట్లో ఉండిపోయింది. మానమని ఎవరూ అనలేదు. మానవద్దని కూడా ఎవరూ అనలేదు.

ఆఖరికి గుంటూరులో ఒక పెద్ద డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, "అమ్మా, మీ గుండె నా గుండెకంటే గట్టిగా ఉన్నది. ఇది భయంవల్ల వచ్చే దడ. మానసిక వైద్యుణ్ణి చూడండి" అన్నాడు. ఇంటికొచ్చాక పెద్ద రగడ. "పిచ్చి డాక్టరు దగ్గరికా? ఇంకా ఒక పిల్లకు పెళ్ళి కావాలి, నలుగురికీ తెలిస్తే ఏమన్నా ఉందా?" అని అన్నయ్య. వెళ్ళడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. అదైనా, వదిన మా ఇంటికి వచ్చి కొన్నాళ్ళు ఉంటుందన్న మిషమీద! వారానికొకసారి చొప్పున ఎనిమిది వారాలు. మొత్తం ఖర్చు, బస్సు చార్జీలతో సహా, 9,000 లోపు.

"ఏం చేశారక్కడ? ఊరికే కబుర్లు చెప్పినందుకా ఇంత?" అని అన్నయ్య అడిగాడు. చాలామంది అడిగే ప్రశ్నే గనుక కొంచెం వివరంగా చెబుతాను. ఏ కారణంచేతనో గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. మెట్లెక్కినందుకు కావచ్చు, కాఫీ ఎక్కువైనందుకు కావచ్చు. "ఇది గుండెపోటే" అన్న ఆలోచన వస్తుంది. ఆ ఆలోచనకు భయం పుడుతుంది. భయానికి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. చూశావా, నిజంగానే పోతున్నానని నమ్మకం కుదురుతుంది. గానుగెద్దులా మనిషి అందులోనే తిరుగుతుంది. అక్కడున్న మనస్తత్వ నిపుణురాలు మా వదినచేత ముందు ఇదంతా కాగితంమీద రాయించింది. మూడో వారం రెండంతస్తుల మెట్లు గబగబా ఎక్కించింది. దడ వచ్చింది. "ఇప్పుడు ఏమీ చేయకుండా కూర్చుందాం, ఏమవుతుందో చూద్దాం" అన్నది. ఐదారు నిమిషాల్లో దానంతటదే తగ్గింది. ఆ ఐదారు నిమిషాలు తాను కూలబడకుండా కూర్చోగలిగానని వదినకు తెలిసింది. వినడానికి ఇంతే! కాని ఈ పద్ధతి వెనుక ఎన్నో ఏళ్ళ పరిశోధన ఉన్నది. బీపీకి మందు ఎంతమందికి పనిచేసిందో లెక్కకట్టినట్లే దీన్నీ లెక్కకట్టి చూశారు.

ఒకమాట హెచ్చరికగా చెప్పాలి. దడ వచ్చిన ప్రతివారికీ అది మనసు జబ్బేనని నేననడం లేదు. ముందు గుండె పరీక్ష చేయించవలసిందే. రక్తహీనతవల్లా, థైరాయిడ్ తేడావల్లా కూడా నీరసం, దిగులు, దడ వస్తాయి. ఆడవాళ్ళు ఏం చెప్పుకున్నా "అంతా నీ మనసులోనే ఉంది" అని కొట్టిపారేసే డాక్టర్లూ ఉన్నారు. అదింకో అన్యాయం. ఒకసారి చక్కగా పరీక్ష జరిగి బాగున్నదని తేలాక, అదే పరీక్ష ఆరు ఆసుపత్రుల్లో ఆరుసార్లు చేయించడం గురించే నా ఫిర్యాదు.

ఈ లెక్క మొదట తీసినవాళ్ళలో అమెరికాలోని కైజర్ పర్మనెంటే వాళ్ళున్నారు. అది ఒక ఆరోగ్య సంస్థ. సభ్యులు ముందుగా ఇంత అని కడతారు, తరువాత ఎన్నిసార్లు వచ్చినా వైద్యం చేయాలి. కనుక ఒకే మనిషి అయినదానికీ కానిదానికీ మళ్ళీమళ్ళీ వస్తే నష్టం సంస్థకే. అక్కడ పనిచేసిన విలియం ఫాలెట్, నికొలస్ కమింగ్స్ అనేవారు 1967లో ఒక పరిశీలన ప్రచురించారు. మానసిక చికిత్స పొందినవారు ఆ తరువాతి సంవత్సరాల్లో డాక్టర్ల దగ్గరికి వచ్చే సంఖ్యా, ఆసుపత్రిలో పడుకునే రోజులూ బాగా తగ్గాయని తేలింది. ఒక్కసారే వచ్చి మాట్లాడి వెళ్ళినవారిలో కూడా తగ్గాయట! 1984లో ఎమిలీ మంఫర్డ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఇటువంటి 58 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూస్తే, నూటికి 85 అధ్యయనాల్లో మానసిక చికిత్స తరువాత మిగతా వైద్యం వాడకం తగ్గినట్లే కనబడింది. ఆ మిగులు ముఖ్యంగా ఆసుపత్రిలో చేరవలసిన అవసరం తగ్గడంవల్ల వచ్చిందే.

నాకు ఇంతకన్నా ముచ్చటగా తోచినది, ఇంకా పాత సంగతి ఒకటున్నది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో లారెన్స్ ఎగ్బర్ట్ అనే మత్తు డాక్టరు కడుపు ఆపరేషన్ జరగబోయే 97 మంది రోగుల్ని రెండు భాగాలు చేశాడు. ఒక భాగానికి మామూలు పద్ధతే. రెండో భాగంవారితో మాత్రం ముందురోజు కూర్చుని మాట్లాడాడు. నొప్పి ఎక్కడ వస్తుంది, ఎంతసేపుంటుంది, అది రావడం సహజమే, కండరాలు ఎలా వదులు చేసుకోవాలి, పక్కకు ఎలా ఒత్తిగిలాలి, ఇవన్నీ చెప్పాడు. తరువాత కూడా వెళ్ళి పలకరించాడు. ఈ రెండో భాగంవారికి నొప్పి తగ్గించే మందు దాదాపు సగమే సరిపోయింది. సగటున 2.7 రోజులు ముందుగా ఇంటికి వెళ్ళారు. వాళ్ళను ఎప్పుడు పంపాలో నిర్ణయించిన సర్జన్లకు ఎవరు ఏ భాగంలో ఉన్నారో తెలియదు. ఇది 1964లో అచ్చయింది. ఆసుపత్రిలో గది అద్దె రోజుకు ఎంతో మీకందరికీ తెలుసు. రెండు రోజులు ముందు ఇంటికి వస్తే ఎంత మిగులుతుందో మీరే వేసుకోండి. మన దగ్గర గర్భసంచి ఆపరేషనుకు వెళ్ళిన ఆడమనిషికి, ఏం తీస్తున్నారో, తరువాత ఎలా ఉంటుందో కూర్చోబెట్టి చెప్పేవారు ఎందరున్నారు? వేలిముద్రో సంతకమో మాత్రం ముందే తీసుకుంటారు.

ఇంగ్లండులో ఈ లెక్కను ప్రభుత్వమే ఒప్పుకునేట్లు చేసినవాడు రిచర్డ్ లేయర్డ్ అనే ఆర్థిక శాస్త్రవేత్త. ఆయనకు తోడు డేవిడ్ క్లార్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. మా వదినకు చెప్పిన ఆ భయం గానుగను సిద్ధాంతంగా వివరించినవారిలో ఈ క్లార్క్ ముఖ్యుడు. 2006లో లేయర్డ్ బృందం ఒక నివేదిక రాసింది. దిగులూ, ఆందోళనా ఉన్న మనిషికి పూర్తి మానసిక చికిత్స చేయడానికి అయ్యేది 750 పౌనులు. అదే మనిషి జబ్బుతో పనిచేయలేక ప్రభుత్వ భృతిమీద ఉంటే, ఆ భృతీ, పోయిన పన్నులూ కలిపి ప్రభుత్వానికి నెలకు నష్టం 750 పౌనులు. అంటే చికిత్స తరువాత ఆ మనిషి ఒక్క నెల అదనంగా పనిచేసినా పెట్టిన ఖర్చు తిరిగొచ్చినట్లే! ఇంత చిన్న లెక్క మంత్రులకు కూడా అర్థమయింది. 2008లో దేశమంతటా పథకం మొదలుపెట్టారు. ఇప్పుడు ఏడాదికి పది లక్షలమందికి పైగా అందులో చికిత్స మొదలుపెడుతున్నారు. పూర్తి చేసినవారిలో సుమారు సగంమంది కోలుకుంటున్నారు. మిగతా సగం మాటేమిటన్న విమర్శా ఉన్నది. పనిలోకి తిరిగి వెళ్ళినవారు ఊహించినంతమంది లేరనేవారూ ఉన్నారు. కాని కోలుకున్నవారూ కోలుకోనివారూ ఎందరో ప్రతి ఏటా లెక్క బయటపెడుతున్నారు చూశారూ, అది నాకు నచ్చింది. మన ఆసుపత్రుల్లో మోకాలి ఆపరేషన్లకైనా అటువంటి లెక్క చూపిస్తారా?

అది ధనిక దేశం, మనకెక్కడ కుదురుతుంది అంటారేమో. అయితే గోవా సంగతి వినండి. డాక్టర్ విక్రమ్ పటేల్, సంగత్ అనే సంస్థవారూ కలిసి అక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్రమైన కుంగుబాటుతో ఉన్న 495 మంది మీద ఒక ప్రయోగం చేశారు. మాట్లాడి చికిత్స చేసింది డాక్టర్లు కాదు, మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్ళూ కాదు. శిక్షణ ఇచ్చిన మామూలు స్థానికులు. ఆరు నుంచి ఎనిమిది సార్లు కలుస్తారు. "దిగులు తగ్గాక పనులు చేద్దామని కూర్చోకండి, చిన్న పని మొదలుపెట్టండి, దాని వెనకే మనసు కదులుతుంది" అన్నది ఆ పద్ధతిలో కీలకం. మూడు నెలలకు చూస్తే, ఈ మాటల చికిత్స కూడా అందినవారిలో నూటికి 64 మంది తెరిపిన పడ్డారు. అది లేనివారిలో 39 మంది. ఈ ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో అచ్చయ్యాయి.

జింబాబ్వేలో ఇంకా తమాషా. అక్కడ డాక్టర్ డిక్సన్ చిబాండా 2006లో 14 మంది బామ్మలతో మొదలుపెట్టాడు. ఆరోగ్య కేంద్రం బయట చెట్టుకింద ఒక బల్ల. దానిమీద బామ్మ కూర్చుంటుంది, బాధ ఉన్నవారు వచ్చి చెప్పుకుంటారు. ఉన్న సమస్యల్లో ఒకదాన్ని ఎంచుకుని దానికి దారి వెతికేట్లు ఆమె సాయపడుతుంది. వాళ్ళ భాషలో ఈ జబ్బు పేరుకు అర్థం "అతిగా ఆలోచించడం" అట. మన ఆడవాళ్ళు కూడా డాక్టరు దగ్గర "ఆలోచనలు ఎక్కువయ్యాయండీ" అనే కదా అంటారు! 2016లో వచ్చిన ఫలితాల్లో, ఆరు నెలల తరువాత బామ్మల దగ్గరికి వెళ్ళినవారిలో జబ్బు మిగిలినవారు నూటికి 14 మంది. మామూలు వైద్యం పొందినవారిలో 50 మంది.

పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గరి పల్లెల్లో డాక్టర్ అతీఫ్ రహ్మాన్ చేసినది మన పల్లెలకు మరీ దగ్గరగా ఉంటుంది. మన ఆశా కార్యకర్తల్లాగా అక్కడ లేడీ హెల్త్ వర్కర్లుంటారు. గర్భిణిగా ఉండగా కుంగుబాటు ఉన్న 903 మంది స్త్రీలను తీసుకుని, సగం ఊళ్ళలో ఈ కార్యకర్తలకు మాట్లాడే పద్ధతి నేర్పి పంపారు. బిడ్డ పుట్టిన ఆరు నెలలకు ఆ తల్లుల్లో కుంగుబాటు ఉన్నవారు నూటికి 23 మంది, మిగతా ఊళ్ళలో 53 మంది. ఇందులో డబ్బు సంగతి ఎక్కడున్నదంటే, కోలుకున్న ఆ తల్లుల ఊళ్ళలో పిల్లలకు విరేచనాలు తక్కువగా వచ్చాయి, టీకాలు సరిగ్గా పడ్డాయి. పిల్లల బరువులో, పొడవులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పాలి కదా! తల్లి మనసు బాగుచేస్తే బిడ్డ ఆసుపత్రి ఖర్చు తగ్గుతుందన్న సంగతి మన అమ్మమ్మలకు తెలియనిది కాదు. ఆ లెక్కను కాగితంమీద పెట్టడమే కొత్త.

మన దగ్గరా కొంత జరిగింది. పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో ఆశా కార్యకర్తలు చేతిలో టాబ్లెట్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి నిద్ర, ఆకలి, దిగులు గురించి ప్రశ్నలు అడిగి, అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పంపే ప్రయోగం చేశారు. విశాఖపట్నంతో సహా నాలుగు నగరాల్లో, షుగరూ కుంగుబాటూ రెండూ ఉన్న 404 మందితో ఇంకొక ప్రయోగం. షుగరు డాక్టరుకు తోడు ఒక సహాయకుడు రోగి మనసు సంగతి కూడా కనిపెట్టి ఉంటాడు. రెండేళ్ళకు కుంగుబాటు సగానికి సగం తగ్గి, దానితోపాటు షుగరో, రక్తపోటో, కొవ్వో కూడా మెరుగైనవారు నూటికి 72 మంది. మామూలు వైద్యంలో 57 మంది. మనసు బాగులేనివారు మాత్ర వేసుకోరు, నడవరు, పథ్యం చేయరు. షుగరు ముదిరి కాలికి పుండు పడ్డాక అయ్యే ఖర్చు చూసినవారికి ఈ తేడా విలువ తెలుస్తుంది.

2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదు. అందుతున్న కుటుంబాలకు వైద్యానికీ, ప్రయాణాలకూ నెలకు 1,000 నుంచి 1,500 రూపాయల దాకా అవుతున్నది. ఇంత ఖర్చయితే ఎవరు వెళతారంటారా? వెళ్ళకపోతే అయ్యేది ఎవరూ పద్దు రాయరు గనుక కనబడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కుంగుబాటు, ఆందోళనలవల్ల ఏడాదికి 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయి. ఆ రెండింటి చికిత్సకు ఒక డాలరు పెడితే ఆరోగ్యం రూపంలోనూ, పనిచేసే శక్తి రూపంలోనూ నాలుగు డాలర్లు తిరిగివస్తాయని 2016లో తేల్చారు. బాగానే ఉన్నది. కాని పనిదినమంటే ఏది? ఆఫీసుకో, ఫ్యాక్టరీకో, కూలికో వెళ్ళి డబ్బు తెచ్చేదే పనిదినం. మా వదిన రెండున్నరేళ్ళు వంటగదిలోకి వెళ్ళడానికే భయపడింది. ఆ రోజులు ఏ దేశపు లెక్కలోనూ లేవు. 2019లో మన ప్రభుత్వమే చేసిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానిమీద రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తున్నారనీ, చేసే మగవాళ్ళు 97 నిమిషాలనీ తేలింది. ఆ 299 నిమిషాలూ ఆగిపోతే ఎవరో ఒకరు ఆ బరువు ఎత్తుకోవాలి. ఎత్తుకునేది సాధారణంగా ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల. కనుక ఈ పెద్దమనుషులు నాలుగు డాలర్లన్నది నా దృష్టిలో తక్కువ లెక్కే.

చట్టం సంగతి ఒకటి తెలుసుకోండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. శరీర జబ్బులకు ఇచ్చినట్లే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని అందులో ఉన్నది. కాని చాలా పాలసీలు ఆసుపత్రిలో మంచం ఎక్కితేనే డబ్బిస్తాయి. కూర్చుని మాట్లాడే చికిత్సకు మంచం అక్కరలేదాయె! ఆసుపత్రిలో చేర్చుకుని వైద్యం చేస్తే బీమా వస్తుంది, మంచం అక్కరలేకుండా చేసే ఎనిమిది సంభాషణలకు రాదు. ఇది ఎవరి తెలివో నాకు తెలియదు. పాలసీ తీసుకునేటప్పుడు ఈ ప్రశ్న అడగండి. అడిగేవాళ్ళు ఎక్కువైతేనే వాళ్ళు మారతారు.

డబ్బు పెట్టుకోలేనివారికి జిల్లా మానసిక ఆరోగ్య పథకం 1996 నుంచీ ఉన్నది, పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో మానసిక విభాగాలున్నాయి, హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రత్యేక ఆసుపత్రులున్నాయి. అంతదూరం కదలలేనివారు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. టెలీ మానస్ అని 2022 అక్టోబరు 10న మొదలుపెట్టారు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కరలేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. లేనివి కనబడటం, ఎవరో చంపుతారని అనుమానించడం, చనిపోవాలని అనిపించడం, ఇటువంటివి ఉంటే మాత్రం ఫోనుతో సరిపెట్టకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలి. వాటికి మందులు వాడవలసి ఉంటుంది.

మా అన్నయ్య పద్దు పుస్తకం మొన్న మళ్ళీ చూశాను. ఆ 9,000 లోపు ఖర్చును ఆయన "చెల్లెలి ఇంటికి రాకపోకలు" కింద రాశాడు! ఇప్పటికీ అసలు పేరు రాయడానికి చెయ్యి రాలేదు. వదిన మాత్రం పక్కింటి కోడలికి దడ వస్తే, ఆ అమ్మాయిని మెట్లదగ్గరికి తీసుకువెళ్ళి తన కథంతా చెప్పిందట. ముందు గుండె పరీక్ష చేయించుకుని రమ్మని కూడా చెప్పిందట లెండి. మా మేనకోడలు పోయిన జూన్‌లో డిగ్రీ రెండో సంవత్సరంలో తిరిగి చేరింది. తనకంటే మూడేళ్ళు చిన్నవాళ్ళు తనను "అక్కా" అని పిలుస్తున్నారనీ, మొదటి వారం సిగ్గేసిందనీ ఫోనులో చెప్పింది. ఇప్పుడు హాస్టల్లో ఉంటున్నది. హాస్టలు ఫీజు అన్నయ్య పద్దులో ఉన్నది.